ఆఫ్రికన్ మహాగని: మొక్క కొనేముందు ఆకు చూడండి

ప్రశ్న: చేవెళ్ల దగ్గర రెండెకరాల ఎర్ర చల్కా ఉంది. వేసవిలో బోరు గంట కంటే ఎక్కువ పోయదు. ఆఫ్రికన్ మహాగనికి నీళ్లు అక్కర్లేదని, పదేళ్లలో కోతకొస్తుందని నర్సరీవాళ్లు అంటున్నారు. పెట్టొచ్చా?
– ఓ రైతు, రంగారెడ్డి జిల్లా

జవాబు: పెట్టొచ్చండీ. కానీ ఆ రెండు మాటలూ నమ్మి మాత్రం పెట్టకండి.

ఎండకు ఓర్చే ఆఫ్రికన్ మహాగని అంటే ఖయా సెనెగలెన్సిస్. సెనెగల్ నుంచి ఉగాండా దాకా, ఏటా నాలుగైదు నెలలు చినుకు రాలని గడ్డిభూముల చెట్టు. సుమారు 700 మి.మీ. వాన పడితే చాలు కాబట్టి మీ నేలకు సరిపోతుంది. మహాగని పేరుతో చాలాచోట్ల అమ్మేది మాత్రం అమెరికా ఖండాలకు చెందిన స్వైటీనియా. ఒక రెమ్మ తుంచి చూడండి. చిన్నాకులు కొడవలిలా ఒక పక్కకు వంగి, కొస సూదిగా సాగితే అది స్వైటీనియా. రెండు పక్కలా సమానంగా, కొస మొద్దుగా ఉంటే ఖయా. సంచి అడుగున వేరు చుట్టలు చుట్టుకున్న మొక్క వద్దు, అది పెద్దయ్యాక గాలికి ఒరుగుతుంది.

జూలైలో నేల బాగా తడిశాక 5×4 మీటర్ల దూరంలో, ఎకరాకు 200 చొప్పున నాటండి. రెండడుగుల గుంతలో 5 కిలోల మాగిన పశువుల ఎరువు, చెదలు రాకుండా పావుకిలో వేపపిండి వేయాలి. మొదటి రెండు వేసవులు మొక్కకు వారానికి 15 లీటర్ల నీళ్లు తప్పవు. మూడేళ్లు మధ్యలో కంది, పెసర వేసుకోవచ్చు.

అసలు తంటా మొవ్వు తొలిచే పురుగుతో. వానల్లో లేత చిగురు తలవాల్చి, ఆకు మొదట్లో దారాలతో అల్లుకున్న పొట్టు కనిపిస్తే పురుగు లోపలికి దూరినట్టే. చెట్టు చావదు, కానీ కొస పోగానే మూడు నాలుగు పిలకలు లేచి మాను పంగలు చీలుతుంది, దుంగకు ధర పోతుంది. పైపైన కొట్టిన మందు లోపలి పురుగుకు తగలదు. పదిహేను రోజులకోసారి తిరిగి, తొలిచిన చోటికి అంగుళం కింద కోసి కాల్చేయండి. తర్వాత వచ్చే పిలకల్లో నిటారుగా ఉన్నదొక్కటే ఉంచాలి. మాను 5 మీటర్లు తిన్నగా లేచేదాకా ఇదే పని. పక్కకొమ్మలు బొటనవేలంత లావు కాకముందే, డిసెంబరు–జనవరిలో తీయండి. వానల్లో కోస్తే కొత్త చిగురు వేసి మళ్లీ పురుగును పిలుస్తుంది. రెండెకరాలూ ఇదొక్కటే నింపకండి, ముందు అరెకరంతో మొదలుపెట్టండి.

రంపానికి పనికొచ్చే దుంగకు 20–25 ఏళ్లు పడుతుంది. చెట్లు పెరిగాక మేమే కొంటామని నర్సరీవాళ్లు కాగితం రాసిచ్చినా, అది చూసి అప్పు చేయొద్దు. చెట్టు కొట్టేటప్పుడు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలేమో అటవీ రేంజి అధికారిని అడగండి. ఇప్పటికి, ఆ నర్సరీ నుంచి ఒక రెమ్మ తెచ్చి దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థలో చూపించాకే డబ్బు కట్టండి.