ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత డైపర్ల ఖర్చు: పోస్టాఫీసు డిపాజిట్ తీసేయాలా?

ప్రశ్న: నా వయసు 64. తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను, నెలకు 18,000 ఇస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలితే ఏడు వారాల క్రితం విశాఖలో రోబోటిక్ ఆపరేషన్ చేయించుకున్నాను. ఇన్సూరెన్స్ ఇచ్చింది పోను చేతి నుంచి 1,10,000 అయింది. మూత్రం పైపు తీసిన దగ్గర్నుంచి మూత్రం ఆగడం లేదు. దగ్గినా, కుర్చీలోంచి లేచినా కారిపోతోంది. రోజుకు నాలుగు డైపర్లు, ఒక్కోటి 45 రూపాయలు. ఖర్చు కలిసొస్తుందని నీళ్లు తాగడం తగ్గించాను. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 15 లక్షలు (2023 జూన్‌లో వేసినవి), బ్యాంకులో రెండేసి లక్షల ఎఫ్‌డీలు మూడు, సేవింగ్స్ ఖాతాలో 1,40,000 ఉన్నాయి. పీఎఫ్ పెన్షన్ 2,900 వస్తుంది. సొంతిల్లే, నెల ఖర్చు 26,000. మూత్రం ఆపే యంత్రం ఒకటి ఉంటుందట. డిపాజిట్ తీసేసి అది పెట్టించుకుని, మిల్లు పని మానేద్దామనుకుంటున్నాను. పుణెలో ఉన్న మా అబ్బాయి డబ్బు పంపుతానంటున్నాడు కానీ దేనికో వాడికి చెప్పలేకపోతున్నాను. పేరు వేయవద్దు.

జవాబు: డబ్బు సంగతి తర్వాత, ముందు నీళ్లు తాగండి. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఒక్క ఇన్‌ఫెక్షన్‌కు పెట్టే మందుల ఖర్చుతో మీరు ఆదా చేశాననుకున్న డైపర్ల డబ్బు అంతా పోతుంది. తగ్గించాలంటే టీ, కాఫీ తగ్గించండి, రాత్రి పడుకునే ముందు నీళ్లు కాస్త తక్కువ తాగండి. జ్వరం, మంట, మూత్రంలో రక్తం, అసలు మూత్రమే రాకపోవడం లాంటివి ఏవి కనిపించినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నేను డాక్టర్‌ని కాను. అయినా ఈ సమస్య ఎన్నాళ్లుంటుందో తెలియకుండా లెక్క వేయలేను కాబట్టి నాలుగు మాటలు చెప్పక తప్పదు. మూత్రాశయం కింద మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి ప్రోస్టేట్. దాన్ని తీసేశాక, మూత్రాన్ని ఆపి ఉంచే పని దాదాపు మొత్తం కింద మిగిలిన కండరం మీదే పడుతుంది. ఆ కండరం బలపడడానికి నెలలు పడుతుంది. మూడు నుంచి ఆరు నెలల్లో తేడా కనిపించడం, ఏడాది తిరిగేసరికి ఎక్కువమందికి బాగా తగ్గిపోవడం మామూలే. మీకు ఇంకా రెండు నెలలు కూడా నిండలేదు. అందుకే యంత్రం, స్లింగ్ (మూత్రనాళాన్ని కింద నుంచి పట్టి ఉంచే పట్టీ) లాంటి ఆపరేషన్ల గురించి యూరాలజిస్టులు (మూత్ర సమస్యల డాక్టర్లు) సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాటేదాకా మాట్లాడరు. అంటే ఇది ప్రస్తుతానికి ఒక ఏడాది ఖర్చు. దానికోసం 2028 దాకా వడ్డీ ఇవ్వాల్సిన డిపాజిట్‌ను ఇప్పుడే తీసేయడం నాకు నచ్చలేదు.

ఆ డిపాజిట్ విలువ మీకు సరిగ్గా తెలియడం లేదేమో. 8.2 శాతం చొప్పున 15 లక్షల మీద మూడు నెలలకోసారి 30,750, అంటే నెలకు 10,250 వస్తోంది. అందులోంచి రెండు మూడు లక్షలు మాత్రమే తీసుకుందామంటే ఈ స్కీములో కుదరదు, ఖాతా మొత్తం మూసేయాల్సిందే. రెండేళ్లు దాటింది కాబట్టి 1 శాతం, అంటే 15,000 కోత పడుతుంది. కోత సంగతి అటుంచండి, నెలనెలా వచ్చే ఆ 10,250 పోతే ఇల్లు ఎలా గడుస్తుంది?

ఇప్పుడు నెల లెక్క చూద్దాం. జీతం, స్కీము వడ్డీ, పెన్షన్ కలిపితే 31,150. ఎఫ్‌డీల వడ్డీ ఇందులో కలపలేదు, దాన్ని అలాగే పెరగనివ్వండి. ఖర్చు 26,000 పోగా 5,150 మిగులుతుంది. డైపర్లకు నెలకు 5,400. మీ టెన్షన్‌కు కారణం ఇదే, నెలంతా మిగిలిందల్లా డైపర్లకే పోతోంది. ఇక పని కూడా మానేస్తే నెలకు 18,250 లోటు. ఆ లెక్కన సేవింగ్స్ ఖాతా ఎనిమిది నెలల్లోపే ఖాళీ అవుతుంది.

డైపర్ల ఖర్చు తగ్గించే మార్గం ఉంది. కారేది కాస్త కాస్తే అయితే ప్రతిసారీ పెద్ద డైపర్ అక్కర్లేదు. మగవాళ్ల కోసం లోదుస్తుల లోపల పెట్టుకునే ప్యాడ్లు మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పగలు మూడు ప్యాడ్లు, రాత్రికి ఒక డైపర్ వాడి చూడండి. ప్యాడ్ 20 రూపాయలు అనుకున్నా రోజుకు 105, నెలకు 3,150 అవుతుంది. ఉతికి మళ్లీ వాడుకునే లోదుస్తులు, పరుపు మీద వేసే రబ్బరు షీటు ఒక్కసారి కొంటే చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి డైపర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధరకే అమ్ముతుంటే అడగండి. ఒక్క మాట, తడిసిన ప్యాడ్‌ను పొదుపు కోసం గంటల తరబడి ఉంచుకోకండి. చర్మం ఒరుసుకుపోయి పుండు పడితే అదొక కొత్త ఖర్చు.

ఈ విషయంలో మీరు ధైర్యంగా పెట్టాల్సిన ఖర్చు ఒకటుంది, ఫిజియోథెరపిస్టు ఫీజు. కీగెల్ వ్యాయామాలని, అంటే మూత్రాన్ని ఆపే కండరాన్ని బిగించి వదిలేవని, కాగితం మీద రాసిచ్చి పంపేస్తారు, చాలామంది ఏ కండరాన్ని బిగించాలో తెలియక పొట్టను, తొడలను బిగిస్తుంటారు. ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్ల దగ్గర కొన్నిసార్లు నేర్చుకుని, తర్వాత ఇంట్లో రోజూ చేయండి. ఏడాదికి మీ బడ్జెట్ నేనైతే ఇలా వేస్తాను: మొదటి ఆరు నెలలు ప్యాడ్లకు 18,900, తర్వాతి ఆరు నెలలు అవసరం సగానికి తగ్గుతుందనుకుంటే 9,450, ఫిజియో, డాక్టర్ ఫీజులు, పీఎస్ఏ పరీక్షలు (క్యాన్సర్ మళ్లీ వస్తోందేమో చూసే రక్త పరీక్షలు) కలిపి 20,000, షీటు, లోదుస్తులు వగైరాకు 5,000. మొత్తం 53,350. సేవింగ్స్‌లోంచి 60,000 వేరే ఖాతాలో పెట్టి దీనికే వాడండి. డైపర్ కొన్న ప్రతిసారీ ఇంటి ఖర్చులో కోత పడిందన్న బాధ అప్పుడు ఉండదు.

ఇన్సూరెన్స్ విషయంలో మాత్రం తొందరపడండి. డిశ్చార్జి తర్వాత ఖర్చులకు చాలా పాలసీలు 60 లేదా 90 రోజులు, కొన్ని 180 రోజుల దాకా ఇస్తాయి. మీది 60 అయితే పట్టుమని రెండు వారాలు కూడా లేదు. పాలసీ కాగితం ఈ రోజే తీయండి. డాక్టర్ చీటీతో కొన్న మందులు, రివ్యూ ఫీజులు, పీఎస్ఏ పరీక్ష బిల్లులు ఆ గడువులోపువి అయితే క్లెయిము పెట్టొచ్చు. ఫిజియోథెరపీ కూడా డాక్టర్ రాసిస్తే చాలా పాలసీల్లో చెల్లుతుంది, అందుకే మొదలుపెట్టేది ఈ వారమే మొదలుపెట్టండి. డైపర్ల బిల్లులు మాత్రం పంపి భంగపడకండి, చెల్లించనక్కర్లేని వస్తువుల జాబితాలో డైపర్ పేరు రాసే ఉంది.

యంత్రం విషయంలో ఏడాది ఆగడం వైద్యపరంగానే కాదు, డబ్బుపరంగానూ మీకే లాభం. ఈ ఏడాది పాలసీ మొత్తంలో పెద్ద భాగం మొదటి ఆపరేషన్‌కే పోయి ఉంటుంది. రెన్యువల్ అయ్యాక క్లెయిముకు పూర్తి బీమా మొత్తం మళ్లీ అందుబాటులోకి వస్తుంది. అప్పటికీ తగ్గకపోతే, ఆ ఆపరేషన్‌ను కొత్త ఏడాది పాలసీలో పెట్టుకోవచ్చు. మూత్రనాళం చుట్టూ ఒక పట్టీ, కడుపులో ఒక బుడగ, వృషణాల సంచిలో చేత్తో నొక్కే చిన్న పంపు, ఇదీ ఆ యంత్రం. ఖర్చు లక్షల్లో ఉంటుంది, పైగా కొన్నేళ్లకు బాగుచేయడమో మార్చడమో అవసరం కావచ్చు. కాబట్టి ఆసుపత్రిని రాతపూర్వకంగా ఎస్టిమేట్ అడగండి. దానికి ఎంత ఇస్తారో, ఎంత పరిమితి ఉందో బీమా కంపెనీని ముందే ఈమెయిల్‌లో అడగండి, ఫోన్లో చెప్పిన మాట పట్టుకోకండి.

రెన్యువల్ ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. క్లెయిము చేశారన్న కారణంతో కంపెనీ రెన్యువల్ నిరాకరించకూడదు. కానీ మీరే వదిలేస్తే, క్యాన్సర్ చరిత్ర ఉన్నవాళ్లకు కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద ఇప్పుడు జీఎస్టీ కూడా లేదు. ఎవరైనా ఏజెంటు క్యాన్సర్ ప్లాన్ తెస్తే టీ ఇచ్చి పంపేయండి, అవి జబ్బు రాకముందు తీసుకునేవి.

ఎఫ్‌డీలు కదపకండి. పీఎస్ఏ పెరిగి రేడియేషన్ అవసరమైతే మీకు అక్కరకొచ్చేది అవే. మధ్యలో చేతికి డబ్బు కావాలంటే ఒక ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే దాన్ని మూసేయకుండా హామీగా పెట్టి వాడుకునే అప్పు, తీసుకోండి. దాని వడ్డీ ఎఫ్‌డీ రేటు మీద ఒకటో రెండో శాతం ఎక్కువ, అదీ వాడుకున్న రోజులకే. ఇన్‌కం ట్యాక్స్ మినహాయింపుల కోసం తల పట్టుకోకండి. కొత్త పద్ధతిలో మీ ఆదాయానికి ఎలాగూ పన్ను పడదు.

మిల్లు పని మానేయడం కన్నా, మూడు నెలలు ఇంటి నుంచి టాలీలో (కంప్యూటర్‌లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) లెక్కలు రాస్తానని, సగం జీతం చాలని యజమానిని అడగండి. పెద్ద ఆపరేషన్ అయింది, డాక్టర్ ఎక్కువసేపు ప్రయాణం వద్దన్నారు అంటే చాలు, అంతకుమించి చెప్పాల్సిన పనిలేదు. సగం జీతంతో నెలకు 22,150 వస్తుంది. ఖర్చు 26,000, ప్యాడ్లకు ఆ 60,000 ఉంది కాబట్టి లోటు 3,850 మాత్రమే, మూడు నెలలకు 11,550. సేవింగ్స్‌లో మిగిలే 80,000లోంచి అది తేలిగ్గానే సర్దుకుంటుంది.

మీ అబ్బాయికి చెప్పడం మీకు కష్టంగా ఉంటే, మీ ఆవిడ చేత చెప్పించండి. నెలనెలా డబ్బు పంపించుకోవడం కన్నా, ప్యాడ్లు ఆన్‌లైన్‌లో అతన్నే ఆర్డర్ పెట్టమనండి. ఊళ్లో తెలిసిన షాపులో అడిగే ఇబ్బంది తప్పుతుంది, పెద్ద ప్యాకెట్లకు ధర కూడా తగ్గుతుంది. రెన్యువల్ తేదీ కూడా అతని ఫోన్లో పెట్టించండి.