తాళం ఎక్కడ పడుతుందో చూసుకో

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డేటాబేస్‌లో ఫోన్ నంబరుతో వెతికి ఒక్క ఆర్డరు సరిచేయబోతే మిగతావాళ్ల పనులన్నీ నిలిచిపోయాయని రాశావు. పాపం, సర్వర్‌ను తిట్టకు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో వరుసలను దాచి తీసే భాగం పేరు ఇన్నోడీబీ. ఇండెక్స్ అంటే పుస్తకం చివరి సూచికలాంటి జాబితా. ఏదైనా మార్చేటప్పుడు ఇన్నోడీబీ వెతుకుతూ తాకిన ప్రతి ఇండెక్స్ ఎంట్రీకీ తాళం వేస్తుంది, అంటే వేరేవాళ్లు దాన్ని మార్చకుండా ఆపుతుంది. ఫోన్ నంబరు కాలమ్‌కు ఇండెక్స్ లేకపోతే ప్రైమరీ కీ (ప్రతి వరుసకూ ఉండే ప్రత్యేక ఐడీ) వెంట టేబుల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తుంది. డిఫాల్ట్‌గా ఉండే రిపీటబుల్ రీడ్‌లో (మళ్లీ చదివినా మొదటి ఫలితమే చూపే పద్ధతి) ఆ దారంతా తాళాలే. కమిట్ చేసేదాకా, అంటే మార్పులను ఖాయం చేసేదాకా, ఊడవు. ఊరికే చదివే మామూలు సెలెక్ట్‌లు ఆగవు కాబట్టి పైకి అంతా బాగున్నట్లే ఉంటుంది. నేనూ ఒక రాత్రి ఇలాగే బిల్లింగ్ ఆపేసి, తెల్లవారేదాకా నెట్‌వర్క్ వాళ్లను సతాయించాను.

నా మాట నమ్మక్కర్లేదు, రెండు విండోలు తెరిచి చూడు. మొదటిదాంట్లో ట్రాన్సాక్షన్ (కలిసే ఖాయమయ్యే లేదా కలిసే రద్దయ్యే మార్పుల కట్ట) మొదలుపెట్టి, ఇండెక్స్ లేని కాలమ్ షరతుతో అప్‌డేట్ చేసి, కమిట్ చేయకుండా వదిలెయ్. రెండోదాంట్లో వేరే వరుసను ఐడీతో మార్చబోతే 50 సెకన్లు వేచి 1205 ఎర్రర్ (తాళం కోసం వేచే గడువు తీరిందని) ఇస్తుంది. ఆలోపే సర్వర్ లోపలి సంగతులు చూపే పెర్ఫార్మెన్స్ స్కీమాలోని డేటా లాక్స్ టేబుల్ తెరిస్తే, వరుస వరుసకూ ఒక తాళం కనిపిస్తుంది.

ఇండెక్స్ పెట్టాక మళ్లీ చెయ్. కొన్ని వేల వరుసలైనా ఉండాలి. మరీ చిన్న టేబులైతే ఇండెక్స్ ఉన్నా ఒక్కోసారి మొత్తం చదివేస్తుంది. ఈసారి రెండో విండో ఆగదు.

అయినా సంబరపడకు. టోకెన్ కాలమ్‌లో 10, 20, 30 ఉన్నాయనుకో. ఇండెక్స్ యూనిక్ (ఒకే విలువను రెండుసార్లు రానివ్వనిది) కాకపోతే, 20ని వెతికి మార్చినప్పుడు దానికి అటూ ఇటూ ఉన్న ఖాళీలకూ తాళం పడుతుంది. 15 గానీ 25 గానీ చేర్చబోయినవాడు ఆగిపోతాడు, 35 చేర్చేవాడు హాయిగా పోతాడు. యూనిక్ ఇండెక్స్ అయితే ఆ ఒక్క ఎంట్రీకే తాళం. అందుకని యూనిక్‌గా ఉండాల్సినదాన్ని యూనిక్‌గానే ప్రకటించు, బద్ధకించకు.

ఇంకొకటి. 1205 వస్తే మామూలుగా ఆ ఒక్క స్టేట్‌మెంటే వెనక్కి పోతుంది, ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది, పాత తాళాలూ ఉంటాయి. డెడ్‌లాక్ (ఒకరి తాళం కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇరుక్కోవడం) 1213 అయితే ట్రాన్సాక్షన్ మొత్తం రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే వెనక్కి పోతుంది. నీ కోడ్ రెండింటినీ ఒకేలా పట్టుకుంటోంది. ముందు అది సరిచెయ్.

ఆ అప్‌డేట్‌కు ఎక్స్‌ప్లెయిన్ (అది ఎలా వెతుకుతుందో చూపే పట్టిక) తీసి నాకు పంపు. చదవాల్సిన వరుసల అంచనా చెప్పే రోస్ కాలమ్‌లో లక్షలు కనిపిస్తే ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే.

ఇట్లు,
మామయ్య