సీజర్‌ని పక్కన పెట్టు, నక్కతో మొదలుపెట్టు

అమ్ములూ,

లాటిన్ నేర్చుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. రోమన్ సేనాని జూలియస్ సీజర్ తన యుద్ధాల గురించి లాటిన్‌లో రాసిన పుస్తకం కొన్నావట, దాన్ని కొన్నాళ్లు అలమరలో పెట్టెయ్. నేనూ అలాగే మొదలెట్టి, ఎనిమిది నెలలు వ్యాకరణ పట్టికలు బట్టీపట్టి, ఒక్క పేజీ కూడా సాఫీగా చదవలేక వదిలేశాను. మళ్లీ దారిలో పడింది ఫీడ్రస్ జంతువుల కథలతోనే. ఒకప్పటి బానిస, అగస్టస్ చక్రవర్తి విడుదల చేసినవాడు. 1వ శతాబ్దంలో ఈసప్ కథల్ని లాటిన్ పద్యాల్లో రాశాడు.

నక్క, ద్రాక్ష కథ తీసుకో. మొత్తం ఆరే లైన్లు. మనకది సామెతే కాబట్టి కథేమిటో అన్న టెన్షన్ లేదు, మాటల మీదే దృష్టి పెట్టొచ్చు. ఎగిరెగిరి అందక, వెళ్లిపోతూ నక్క అంటుంది: 'నోన్‌డుమ్ మాతూరా ఎస్, నోలో అకెర్బమ్ సూమెరె.' దీన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకుని అర్థం చేసుకోకు, అదే నేను చేసిన పెద్ద తప్పు. నేరుగా తెలుగులో పెట్టి చూడు. 'నోలో' అంటే 'ఒల్లను', ఒక్క ముక్కలోనే 'నేను'తో పాటు 'కాదు' కూడా ఇమిడిపోయింది. 'అకెర్బమ్' అంటే 'పుల్లనిదాన్ని', ఆ చివరి 'అమ్' మన 'ని' చేసే పనే చేస్తోంది. పైగా నక్క ద్రాక్షగుత్తితోనే మాట్లాడుతోంది, 'నువ్వింకా పండలేదు' అని! మన సామెతలో ఈ ముచ్చట లేదు.

తోడేలు, గొర్రెపిల్ల కథలో 'లుపుస్' అన్నది గొర్రెపిల్ల పిలిచేసరికి 'లుపే' అవుతుంది. చిన్నప్పుడు 'ఓ, ఓయి, ఓరి, ఓసి' అని వల్లించావే, ఆ సంబోధనే ఇది.

ఒక చిక్కుంది. పద్యం కాబట్టి విశేషణం ఒకచోట, దాని నామవాచకం ఇంకోచోట పడి ఉంటాయి. మరీ విసుగొస్తే ఇవే కథల్ని మధ్యయుగంలో వచనంలోకి మార్చిన 'రోములుస్' అనే సంకలనం ఉంది, ముందు అది చదివి పద్యానికి రా. మాటల మీద పెన్సిల్‌తో అర్థాలు మాత్రం రాయకు, కళ్లు వాటి మీదకే పోతాయి. ఒకే కథని వారం పాటు రోజూ పైకి చదువు.

ఆదివారం ఫోన్ చేస్తాను, నక్క మాటలు పుస్తకం చూడకుండా అప్పజెప్పాలి.

మీ పెదనాన్న