కార్డ్‌లెస్ ఫోన్ హ్యాండ్‌సెట్ మొరాయిస్తోంది. బాగుచేయించాలా, కొత్తది కొనేయాలా?

కొనకండి. ముందు విప్పి చూడండి.

ఒకప్పుడైతే నేనూ "పారేసి కొత్తది తెచ్చుకోండి, గొడవ వదిలిపోతుంది" అనే చెప్పేవాణ్ణి. రాజమండ్రిలో మా అమ్మ ఫోన్‌లో సున్నా పోయిన దగ్గర్నుంచి నా మతం మారింది. అవును, ఒక్క సున్నాయే. మిగతా తొమ్మిది అంకెలూ లక్షణంగా ఉండి సున్నా ఒక్కటి పోతే ఇంట్లో ఎంత రభస అవుతుందో చెప్తాను వినండి.

2022 దసరా వెళ్ళాక మొదలైంది. అమ్మ నుంచి నాకు ఫోన్లు రావడం ఆగిపోయాయి. నేను చేస్తే ఎత్తుతుంది, మాట్లాడుతుంది, గొంతు స్పష్టంగానే ఉంటుంది. "నువ్వెందుకు చెయ్యట్లేదే?" అంటే "చేస్తే కలవట్లేదురా" అంటుంది. ఊళ్ళోనే దానవాయిపేటలో ఉండే పెద్దమ్మకి మాత్రం రోజూ మధ్యాహ్నం మూడింటికి తప్పకుండా కలుస్తుంది. కాకినాడ పిన్నికి కలవదు. నాకు కలవదు, చెల్లికి కలవదు.

లైన్‌మేన్‌ని పిలిపించారు. ఆయన తన ఫోను తగిలించి చూసి, లైను బంగారంలా ఉందండి, ఎస్టీడీ లాక్, అంటే ఊరు దాటి ఫోన్లు వెళ్ళకుండా వేసే తాళం, పడిందేమో చూసుకోండి అని వెళ్ళిపోయాడట. ఇంకేముంది, అమ్మ అనుమానమంతా నాన్నగారి మీద. పాత రోజుల్లో మా ఇంట్లో డయల్ తిప్పే ఫోన్ ఉన్నప్పుడు, బిల్లు ఎక్కువొస్తోందని ఆయన అంకెల చక్రానికి చిన్న తాళం వేసి చెవి జంధ్యానికి కట్టుకుని తిరిగేవారు. ఆ కోపం అమ్మకి ఇంకా చల్లారలేదు. "ఈ వయసులో కూడా తాళాలేంటండీ" అని మూడు రోజులు మాటల్లేవట ఇద్దరికీ. పాపం ఆయనకి ఎస్టీడీ లాక్ వెయ్యడం ఎలాగో కూడా తెలియదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు పక్కన కూర్చుని, "ఏదీ, నా నంబరు కొట్టు చూద్దాం" అన్నాను. కళ్ళజోడు పెట్టుకోకుండానే కొట్టింది. మీట నొక్కినప్పుడల్లా ఆ ఫోన్ కీచుమంటుంది కదా, నేను లెక్కపెట్టాను. పదకొండు నొక్కులకి పదే కీచులు. తర్వాత ఫోన్‌లో ఆవిడెవరో, నంబరుకి ముందు సున్నా కలిపి చెయ్యండి అని చెప్పింది. అమ్మ ఆవిడ మీద కసిరింది: "వేస్తూనే ఉన్నానమ్మా సున్నా! వెయ్యక చస్తానా?"

అసలు సంగతేమిటంటే, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీంచి ఏ మొబైల్‌కి చెయ్యాలన్నా ముందు సున్నా కొట్టాలని రూలొచ్చింది. అంతకుముందు మన సర్కిల్లోని, అంటే మన టెలికాం ప్రాంతంలోని, మొబైల్ నంబర్లకి ఆ అవసరం లేదు. ఊళ్ళోని ల్యాండ్‌లైన్‌కి అప్పుడు అక్కర్లేదు, అందుకే పెద్దమ్మకి కలిసేది. కాకినాడకి 0884 కొట్టాలి కాబట్టి పిన్నికి కలిసేది కాదు. ఒక్క మీట చచ్చిపోతే ఊరు దాటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది మా అమ్మకి. పది మీటల్లో ఏ ఏడో పోయి ఉంటే ఆర్నెల్లకి గానీ ఎవరికీ తెలిసేది కాదు.

మొబైల్ కొనివ్వలేదా అని అడక్కండి, ఇచ్చాం, రెండు. టచ్ స్క్రీన్ మీద అమ్మ వేలు పనిచెయ్యదు. యాభై ఏళ్ళు గిన్నెలు తోమిన చెయ్యి, వేళ్ళ చివర్లు ఎండిపోయి గరుకెక్కాయి. ఆ అద్దానికి కాస్త తడి ఉన్న చర్మం కావాలి. నొక్కితే కిందికి దిగే మీట కావాలి ఆవిడకి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంటే జారిపోని ఫోన్ కావాలి. "ఈ రోజుల్లో ల్యాండ్‌లైన్ ఎవరు వాడుతున్నారండీ" అని నవ్వేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా అమ్మ వాడుతోంది, చాలదూ?

సరే, ఫోన్ సంగతి. మెయిన్‌రోడ్డు మీద ఒక షాపుకి తీసుకెళ్ళాను. ఆయన హ్యాండ్‌సెట్‌ని చేతిలోకి తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, స్క్రూడ్రైవర్ వైపు కన్నెత్తైనా చూడకుండా "ఐసీ పోయింది సార్" అన్నాడు, అంటే లోపలి చిప్పు. మన దేశంలో విప్పకుండా చెప్పే రోగం పేరు ఒక్కటే: ఐసీ పోయింది. ఐసీ పోతే మిగతా తొమ్మిదంకెలు ఎలా పనిచేస్తున్నాయయ్యా అంటే, కొత్తది రెండున్నరవేల చిల్లర, పాతది ఇస్తే వంద తగ్గిస్తానన్నాడు. దండం పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి భోగి రోజు మధ్యాహ్నం వీధరుగు మీద పేపరు పరిచి నేనే విప్పాను. నేను ఎలక్ట్రానిక్స్ చదవలేదు, బ్యాంకు ఉద్యోగిని. కాబట్టి మీరూ చెయ్యొచ్చు. బ్యాటరీ మూత తీస్తే లోపల రెండు స్క్రూలు కనబడతాయి. అవి తీశాక మిగతాదంతా అంచుల్లో క్లిప్పులే. ఇనప వస్తువు పెట్టి తిప్పారో ప్లాస్టిక్ చిట్లుతుంది. గడువు తీరిన ఏటీఎం కార్డు పక్కనుంచి దూర్చి మెల్లిగా జరుపుకుంటూ పోతే టక్ టక్ మని ఊడొస్తుంది.

లోపల ఏముందనుకుంటున్నారు? ఒక పచ్చ బోర్డు, దాని మీద ఒక రబ్బరు చాప, అంతే. ఒక్కో అంకె అడుగున రబ్బరుకి నల్లటి చిన్న బిళ్ళ ఉంటుంది, కంది బద్దంత. అది కార్బన్. మీరు మీట నొక్కినప్పుడు ఆ బిళ్ళ బోర్డు మీదున్న రెండు గీతల్ని కలుపుతుంది, ఫోన్‌కి అంకె తెలుస్తుంది. ఆ బోర్డు మీద వేలితో రాస్తే జిడ్డు. కొంత ఆ రబ్బరులోంచి ఊరే నూనె, మిగతాది మా అమ్మ చేతి కొబ్బరినూనె, పసుపు, జంతికల పిండి. కింది వరసలో జిడ్డు మరీ ఎక్కువ. నా సిద్ధాంతం ఏమిటంటే, మాట్లాడేటప్పుడు నోటి ఆవిరి మైకు పక్కనే ఉన్న కింది మీటలకే తగులుతుంది కాబట్టి ముందు పోయేవి అవే. ఎవరైనా కాదంటే వాళ్ళింట్లో టీవీ రిమోట్ గురించి మాట్లాడుతున్నారన్నమాట, ఫోన్ గురించి కాదు.

మందుల షాపులో స్పిరిట్ కొని, దూదితో బోర్డంతా తుడిచాను. బిళ్ళల్ని మాత్రం తడిగుడ్డతో అద్దాను, గట్టిగా రుద్దితే కార్బన్ లేచిపోతుంది. పదిలో తొమ్మిది ఫోన్లు ఇంతటితో బాగైపోతాయి. మాది పదోది. సున్నా బిళ్ళ అరిగి బూడిదరంగుకి తిరిగింది. పెన్సిల్ ముక్కుతో నల్లగా రుద్దితే పనిచేసింది, సంతోషించాం, కనుమ నాటికి మళ్ళీ మూగపోయింది. తర్వాత చాక్లెట్ చుట్టిన వెండికాగితం ముక్క బిళ్ళంత కత్తిరించి ఫెవిక్విక్‌తో అతికించాను. సిలికాన్ రబ్బరుకి ఫెవిక్విక్ పట్టదని అప్పుడు తెలిసింది. కాగితం నా వేలికి అతుక్కుంది గానీ రబ్బరుకి అతకలేదు. చివరికి బాత్‌రూమ్ అద్దం అంచులకి పూసే సిలికాన్ గమ్ ఉంటుంది చూడండి, అది గుండుసూది మొనతో చుక్కంత పెట్టి అతికించి, ఒక రోజంతా ఆరనిచ్చాను. సిలికాన్‌కి సిలికానే పడుతుంది. వెండికాగితం మెరిసే వైపు, అంటే లోహం వైపు, బోర్డుకి తగిలేలా ఉండాలి. రెండో వైపు కాగితమే కాబట్టి ఏమీ కలవదు. మొదటిసారి నేను అదే తప్పు చేశాను.

బిగించాక అమ్మ వంటింట్లోంచి నా మొబైల్‌కి చేసింది. నేను వీధరుగు మీదే ఉన్నాను. "కలిసిందిరా" అంది, ఆ మాట ఫోన్‌లోనూ వినబడింది, గోడవతల్నుంచీ వినబడింది. తర్వాత నాన్నగారి దగ్గరికెళ్ళి "మీరు కాదులెండి" అంది. మూడు రోజులు మాట్లాడనందుకు ఆ ఇంట్లో దొరికే క్షమాపణ అంతే.

ఇక మీ ఫోన్ దగ్గరికొస్తే, "మొరాయిస్తోంది" అన్నారే గానీ ఏమవుతోందో రాయలేదు. రెండు నిమిషాలు మాట్లాడగానే ఆగిపోతుంటే అది బ్యాటరీ, ఇంకో ఆలోచనే వద్దు. లోపల ఉండేవి సాధారణంగా సన్న పెన్సిల్ సైజువి, రెండు, ఒక్కోటి 1.2 వోల్టుల రీఛార్జబుల్ నికెల్ సెల్స్. కాస్త పాత మోడళ్ళలో వైరు, పిన్నుతో మూడు సెల్స్ కలిపి చుట్టిన 3.6 వోల్టుల ప్యాక్ ఉంటుంది. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, పాత ప్యాక్ చేతిలో పట్టుకెళ్ళండి. పిన్ను ఒకేలా ఉన్నా ఎరుపు, నలుపు వైర్లు అటూ ఇటూ అయినవి ఉంటాయి.

ఎట్టి పరిస్థితుల్లోనూ టీవీ రిమోట్‌లో వేసే మామూలు సెల్స్ మాత్రం వెయ్యకండి. మా మేడ మీది హ్యాండ్‌సెట్‌లో నాన్నగారు ఆ పని చేశారు. సైజు సరిపోయింది, ఫోన్ కూడా పనిచేసింది, ఆయనకి విజయగర్వం. ఛార్జింగ్ కుంపట్లో కూర్చోబెట్టేసరికి అవి వేడెక్కి కారాయి. స్ప్రింగుల మీద తెల్లగా ఉప్పు పేరుకుని, రాగి ఉన్నచోట పచ్చగా చిలుము పట్టింది. ఆల్కలైన్ సెల్స్ అయితే కారేది క్షారం, కాబట్టి నిమ్మరసం దూదితో అద్దితే బుసబుస పొంగి వదిలిపోతుంది. ఆ తర్వాత స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరబెట్టాలి. అమ్మ మాత్రం పులిహోరకి తెచ్చిన కాయ వాడేశానని సాధించింది.

ఛార్జింగ్ ఎక్కకపోతే కింది రెండు రేకుల్ని పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. హ్యాండ్‌సెట్‌వీ, స్టాండ్‌వీ రెండూ. పరిధిలో లేదు అని చూపిస్తుంటే ముందు బేస్‌కి, అంటే టెలిఫోన్ వైరు తగిలించిన డబ్బాకి, కరెంటు వస్తోందో లేదో చూడండి. ఉంటే హ్యాండ్‌సెట్‌ని బేస్‌కి మళ్ళీ పరిచయం చెయ్యాలి. చాలా వాటిలో హ్యాండ్‌సెట్ మెనూలో రిజిస్టర్ ఎంచుకుని, బేస్ మీది హ్యాండ్‌సెట్‌ని వెతికే మీటని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి, పిన్ అడిగితే 0000 కొట్టి చూడండి. సున్నా పనిచేస్తుంటేనే లెండి.

బేస్ పోతే మాత్రం నా సలహా వెనక్కి తీసుకుంటాను, కొత్తదే కొనండి. అది పిడుగుకైనా పోతుంది, అడాప్టర్‌కైనా పోతుంది. మా తమ్ముడు వైఫై రౌటర్ 12 వోల్టుల అడాప్టర్ తీసి ఆరున్నర వోల్టుల ఫోన్‌కి గుచ్చాడు. పిన్ను చక్కగా పట్టింది. ఫోన్ ఒక్కసారి వెలిగింది, అంతే. ప్రపంచంలో ఉన్న నల్ల అడాప్టర్లన్నిటికీ ఒకే రంగు, ఒకే ఆకారం పెట్టి, వోల్టులు మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో రాసేవాళ్ళని ఏమనాలో నాకు తెలియదు. మా ఇంట్లో ఇప్పుడు ఒక్కో దానికీ తెల్ల టేపు చుట్టి స్కెచ్ పెన్‌తో రాసి పెట్టాను. ఉరుములొస్తే కరెంటు ప్లగ్గొక్కటే తీస్తే చాలదు, టెలిఫోన్ వైరు కూడా పీకాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

ఇంకొక్కటి. కార్డ్‌లెస్ ఉన్నా పాత వైరు ఫోన్ పారెయ్యకండి. కరెంటు పోతే కార్డ్‌లెస్ బేస్ చచ్చిపోతుంది. వైరు ఫోన్ మాత్రం రాగి లైన్లోంచే 48 వోల్టులు తీసుకుని పనిచేస్తూనే ఉంటుంది. తుపానుకి మూడు రోజులు కరెంటు లేనప్పుడు మా వీధి మొత్తానికి అదే దిక్కయింది. అయితే మీ ల్యాండ్‌లైన్‌ని ఫైబర్‌కి మార్చేసి ఉంటే ఆ సుఖం పోయినట్టే. గోడకి తగిలించిన డబ్బాకి కరెంటు లేకపోతే వైరు ఫోనూ మూగదే, దానికొక చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

వెనకటి యాంటెన్నా గొట్టం లాగే కార్డ్‌లెస్‌లు ఎవరికైనా గుర్తున్నాయా? మాకు తొంభైల చివర్లో ఒకటుండేది. ఎత్తితే అప్పుడప్పుడు పక్కింటివాళ్ళ మాటలు వినబడేవి. వాళ్ళమ్మాయికి భీమవరం సంబంధం ఖాయమైందని వాళ్ళు మాకు చెప్పకముందే అమ్మకి తెలుసు. శుభలేఖ తెచ్చినప్పుడు ఆశ్చర్యపోవడానికి చాలా కష్టపడింది. ఇప్పటి డిజిటల్ ఫోన్లలో ఆ సరదా లేదు.

మొన్న మాట్లాడినప్పుడు రెండంకె గట్టిగా నొక్కాల్సి వస్తోందని చెప్పింది. మా ఊళ్ళో ల్యాండ్‌లైన్ నంబర్లు చాలావరకు 2తోనే మొదలవుతాయి, పెద్దమ్మ నంబరు కూడా. ఆ సిలికాన్ గమ్ ట్యూబు అటక మీద ఎక్కడో పెట్టాను, ఈపాటికి గడ్డకట్టి ఉంటుంది.