బీటెక్‌లో టెక్నికల్ కాని సబ్జెక్టులు ఎంతవరకు ఉండాలి?

మీ తమ్ముణ్ని బెంగళూరులో ఇంజినీరింగ్‌లో చేర్పిస్తున్నామనీ, సిలబస్‌లో రాజ్యాంగం, పర్యావరణం, కన్నడ కనిపించాయనీ, ఇవి టైం వేస్టా, ఇంకా పెంచాలా అనీ అడిగారు. పెంచడం, తగ్గించడం తర్వాత సంగతండి. ఆ క్లాసు ఎవరి నెత్తిన పెడుతున్నారన్నది ముందు చూడాలి.

నేను ఇక్కడ బెంగళూరులోనే, వర్తూరు వైపు ఒక ప్రైవేటు కాలేజీలో సివిల్ చదివాను. 2015లో చేరాను. మాకు ఈవీఎస్, అంటే పర్యావరణం పేపరు, శనివారం ఆఖరి పీరియడ్. చెప్పింది మెకానికల్ సారు. ఆయనకు వర్క్‌లోడ్ తగ్గిందని ఈ పేపర్ అంటగట్టారు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు, నోట్సు చదివేవారు, మేం రాసుకునేవాళ్లం. అదే రోజుల్లో బెళ్లందూరు, వర్తూరు చెరువుల నురగ గాలికి లేచి రోడ్డు మీద బైకుల వాళ్ల మొహాన పడేది. వర్తూరు కోడి (కన్నడంలో చెరువు అలుగు) దగ్గర మా కాలేజీ బస్సు అద్దాలకూ అంటుకునేది. లోపల కూర్చుని నీటి కాలుష్యం అయిదు మార్కుల ప్రశ్నకు పాయింట్లు బట్టీ పట్టేవాళ్లం. తీరా చూస్తే పరీక్ష ఓఎంఆర్. గుండ్రాలు దిద్ది బయటపడ్డాం.

మూడో ఏడు ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్ మేడం మా బ్యాచ్‌ని సీసాలతో సహా కోడి దగ్గరికే తీసుకెళ్లారు. ఆ కంపుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి మాంగనస్ సల్ఫేటు, దాని మీద ఆల్కలీ అయొడైడ్ వేస్తాం. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు అవక్షేపం రావాలి. మాకు సున్నంలా తెల్లగా దిగింది. అంటే ఆక్సిజన్ లేదన్నమాట. పక్కన గడ్డి కోసుకుంటున్న పెద్దాయన మా మాటలు విని, "మా చిన్నప్పుడు ఈ నీళ్లే తాగేవాళ్లం" అన్నాడు, తెలుగులోనే. ఈ వైపు పాత ఊళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలానే ఉంటాయి.

ఇక ప్రశ్నలు ఆగితేనా. సబ్బుపొడిలో ఫాస్ఫేటు ఎందుకు కలుపుతారు? అపార్ట్‌మెంట్లో మురుగు శుద్ధి ప్లాంటు ఉండి కూడా కరెంటు బిల్లుకు భయపడి నడపకపోతే అడిగేదెవరు? 1974 నీటి చట్టం కింద నోటీసు ఎవరివ్వాలి? 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువుకు నిప్పంటుకుంది, పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ కేసు తనంతట తానే చేపట్టింది. కెమిస్ట్రీ, చట్టం, ఆర్థికం అన్నీ ఒక్క మధ్యాహ్నంలో వచ్చిపడ్డాయి. వాటిలో సగానికి మేడం దగ్గరా జవాబు లేదు. ఆ రోజు పక్కన ఒక లా లెక్చరర్ ఉండి ఉంటే ఎంత బావుండేదో!

సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ 2018 మోడల్ సిలబస్‌లో డిగ్రీకి కావాల్సిన పాయింట్లు, అంటే క్రెడిట్లు, మొత్తం 160. హ్యుమానిటీస్, మేనేజ్‌మెంట్ కలిపి 12. పర్యావరణం, రాజ్యాంగం తప్పనిసరే, కానీ క్రెడిట్లు సున్నా. సున్నా వేసిన పేపర్ని ఏ పిల్లాడు చదువుతాడండీ? ఇదే ఊళ్లో ఐఐఎస్సీ 2011లో నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టినప్పుడు, ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకోబోయేవాళ్లయినా మొదటి మూడు సెమిస్టర్లు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ అన్నీ చదవాల్సిందేనని పెట్టింది. దాంతోపాటు హ్యుమానిటీస్ కూడా. అక్కడ చెప్పేవాళ్లున్నారు కాబట్టి చెల్లింది. మామూలు డిగ్రీ సంగతి అడక్కండి. కర్ణాటకలో 2021లో నాలుగేళ్లన్నారు, వేరే శాఖ సబ్జెక్టులూ ఎంచుకునే ఓపెన్ ఎలెక్టివ్‌లన్నారు, 2024లో మళ్లీ మూడేళ్లకు తిప్పారు. మధ్యలో చేరిన పిల్లలు ఏ సిలబస్‌కీ చెందకుండా పోయారు.

అసలు మన రోగం ఇంటర్‌లోనే మొదలవుతుంది. ఎంపీసీ అనగానే సోషల్ గోవిందా. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం, అదీ భాష మీద ప్రేమతో కాదు, 99 మార్కుల కోసం. పద్యం చదవని, చరిత్ర తెలియని పిల్లాణ్ని తెచ్చి పద్దెనిమిదో ఏట వారానికో గంట "ఎథిక్స్" పోస్తే ఎక్కుతుందా?

కాబట్టి కాలేజీలో సీటు తీసుకునే ముందు సీనియర్లను పట్టుకుని రెండు సంగతులు అడగండి. ఈ పేపర్లు చెప్పేది ఏ డిపార్ట్‌మెంటు వాళ్లు? ప్లేస్‌మెంట్ల ముందు ఆ పీరియడ్లు ఆప్టిట్యూడ్ ట్రైనింగ్‌కి లాగేసుకుంటున్నారా? రెండోదానికి నవ్వారంటే మీకు అర్థమైపోతుంది. కన్నడ క్లాసు మాత్రం ఎగ్గొట్టొద్దని తమ్ముడికి చెప్పండి. రూము ఖాళీ చేసేటప్పుడు ఓనరు దగ్గర అడ్వాన్సు వెనక్కి రాబట్టుకోవాలంటే అదే దిక్కు.