ట్యూబుకి పొర కమ్మితే

కావలి

అల్లుడూ,

నువ్వు పంపిన పాత టీవీ ఫోటోలు పెద్దవి చేసి చూశాను. తెర అంచుల వెంబడి మజ్జిగ చుక్కలు ఎండినట్టు తెల్లటి మచ్చలు, కింద ఎడమ మూలన గోధుమరంగు తిరిగిన బుడగలు. రెండు రోజులు గుడ్డ పెట్టి రుద్దానన్నావు. నీ ఓపికకి మెచ్చుకోవాల్సిందే గానీ, ఆ మసక గాజు పైన లేదయ్యా, రెండు గాజుల మధ్యన ఉంది.

నువ్వు చెన్నైలో పాత సామాన్ల కొట్లో కొన్నది 1960ల నాటి అమెరికా సెట్టు. ఆ కాలపు పిక్చర్ ట్యూబుల్లో, అంటే బొమ్మ కనిపించే ఆ పెద్ద గాజు బుడ్డీల్లో, చాలావాటికి ముఖం మీద ఇంకో దళసరి గాజు అతికించేవాళ్లు. ట్యూబ్ పగిలితే పెంకులు ఎదురుగా కూర్చున్నవాళ్ల మీదికి ఎగరకుండా అదొక కాపు. రెండు గాజులకీ మధ్య పీవీఏ అనే ఒక రకం బంక. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బంక అంచుల నుంచి లోపలికి చెడిపోతూ వస్తుంది. అక్కడి మెకానిక్కులు కూడా దీన్ని కాటరాక్ట్ అనే అంటారు, అంటే మన కంటి శుక్లమే. కంట్లో శుక్లం తీస్తే చూపు వచ్చినట్టే, ఆ బంక తీసేస్తే వెనకున్న ట్యూబ్ చాలాసార్లు శుభ్రంగా బయటపడుతుంది.

మన సెట్లలో నాకు ఈ జబ్బు తగల్లేదు. నేను కొట్టు పెట్టిన రోజుల్లో వచ్చేవి డయనోరా, సాలిడేర్, ఈసీ టీవీలు. నా చేతికొచ్చిన వాటి ట్యూబులకి చుట్టూ ఇనప పట్టీ బిగించి ఉండేది, ముఖానికి గాజు అతికించి ఉండేది కాదు. అప్పట్లో మనవైపు జనం ఇంటి మీద ఇనప పైపు నిలబెట్టి, బూస్టర్ పెట్టి మద్రాసు దూరదర్శన్ పట్టేవాళ్లు. తమిళం రాకపోయినా పాటలొస్తే వీధి వీధంతా ఒక ఇంట్లోనే. వాళ్లూ "బొమ్మ మసగ్గా ఉందన్నా" అని సెట్టు మోసుకొచ్చేవాళ్లు. తీరా విప్పితే తెర ముందున్న ప్లాస్టిక్ అద్దం వెనక దుమ్ము. లేదంటే ట్యూబ్ వీకైపోయి ఉండేది.

కాబట్టి విప్పకముందే రోగమేదో తేల్చుకో. సెట్టు ఆపేసి, చీకట్లో టార్చి వాలుగా పట్టుకుని చూడు. ఆపినా మచ్చ కనిపిస్తే అది బంక. ఆపినప్పుడు తెర శుభ్రంగా ఉండి, వేశాక బొమ్మ తేలడానికి ఐదు నిమిషాలు పట్టి, తెలుపు రంగు వెండిలా తిరుగుతుంటే ట్యూబ్ వీకైనట్టు. దాన్ని ఉడకబెట్టినా లాభం లేదు. ఇంకోటి, ట్యూబ్ వెనక సన్నటి మెడ దగ్గర లోపల అద్దంలా మెరిసే పూత ఉంటుంది. అది పాలలా తెల్లబడి ఉంటే గాలి చొరబడినట్టే. ఇక ఆ ట్యూబ్ మీద ఆశ వదులుకో.

ఇప్పుడు భయపడాల్సిన సంగతి. ప్లగ్ పీకినంత మాత్రాన ట్యూబ్‌లో కరెంటు పోదు. వేల వోల్టులు అందులో కూర్చునే ఉంటాయి. స్క్రూడ్రైవర్‌కి ఒక వైరు కట్టి, దాని రెండో కొస ట్యూబ్ వెనక నల్లపూతని తాకుతూ ఉండే ఎర్త్ తీగకి బిగించి, ఈహెచ్‌టీ, అంటే ఎక్కువ వోల్టుల తీగ ట్యూబ్‌కి తగిలే చోట ఉండే రబ్బరు టోపీ కిందికి తోయి. ఒక చెయ్యి జేబులో పెట్టుకో. టిక్కుమంటుంది. పావుగంటాగి మళ్లీ చెయ్యి, కొంచెం తిరిగి పుట్టుకొస్తుంది. ఇక మోసేటప్పుడు మెడ పట్టుకోకు, అది మొత్తం ట్యూబ్‌లో పల్చని చోటు. లోపలంతా శూన్యం కాబట్టి, 20 అంగుళాల తెర మీద గాలి ఒత్తిడే ఒక టన్నుకు పైగా ఉంటుంది. కళ్లద్దాలు, మందపాటి గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా లేకుండా ముట్టుకోకు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకు.

నా చేతిలో ఇలాంటివి మూడు పడ్డాయి. మొదటిదాన్ని నేనే పాడుచేశాను. బంక కాస్త మెత్తబడగానే ఆత్రం పట్టలేక సందులో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పాను. టప్‌మని ముందు గాజు మూల నెలవంకలా లేచిపోయింది. వెనక ట్యూబ్ మిగలడం నా అదృష్టం. ఇందులో బలంతో పనిలేదు, పనంతా వేడిదే.

వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి తీసుకో. అడుగున పాత దుప్పటి మడిచి వేసి, ట్యూబ్‌ని ముఖం కిందికి ఆనించు. ముందు అంచు చుట్టూ ఉన్న పాత టేపు గీకెయ్యి. నీళ్లు రెండు గాజుల అతుకు మునిగేంత వరకే, నల్లపూత దాకా పోనివ్వకు. మొదట గోరువెచ్చని నీళ్లు. పావుగంటకోసారి కొంచెం తోడి, కొంచెం వేడివి పోస్తూ చెయ్యి పెట్టలేనంత వేడికి తీసుకురా. వేడి గాజు మీద చన్నీళ్లు పడ్డాయంటే అంతే సంగతులు. రెండు మూడు గంటలు పడుతుంది, తొందరపడకు. నేనైతే రోహిణి కార్తెలో డాబా మీదే పెట్టాను, సగం పని ఎండే చేసిపెట్టింది.

మెత్తబడ్డాక తంగూసు కావాలి. వలలు కట్టేవాళ్లని అడిగితే గట్టిది ఇస్తారు. ఇనప తీగ వద్దు, గాజు మీద గీతలు పెడుతుంది. రెండు కొసలకీ చెక్క ముక్కలు కట్టి, మూల దగ్గర సందులోకి దింపి, ఇటొకరు అటొకరు రంపం లాగినట్టు మెల్లగా లాగండి. బిగిస్తే ఆగి మళ్లీ వేడినీళ్లు. కోసిన చోట మళ్లీ అతుక్కోకుండా పలచని ప్లాస్టిక్ ముక్కలు దూరుస్తూ పోండి. ముందు గాజు ఒక్కసారిగా జారుతుంది, దాని కింద ఒకరి చెయ్యి ఉండాలి.

విడిపోయాక కనిపించే బంక అచ్చం తాటిముంజ! వణుకుతూ, పాలరంగులో, అంచున కాస్త పసుపు తిరిగి. వేడి మీదున్నప్పుడే గోటితో ఎత్తి లాగితే పొరలు పొరలుగా వస్తుంది. మిగిలినదాన్ని ప్లాస్టిక్ గరిటెతో తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. బ్లేడు వద్దు.

తిరిగి అతికించేటప్పుడు కొత్త బంక పోసే సాహసం చెయ్యకు. ఒక్క గాలిబుడగ మిగిలినా జన్మంతా ఎదురుగా ఉంటుంది. అంచుల్లో పలచని డబుల్ టేపు వేసి, బయట చుట్టూ గట్టి టేపు బిగించు. రాత్రిళ్లు లైటు నీడ కాస్త రెండుగా కనపడొచ్చు, నాకైతే అది పట్టింపు లేదు. కానీ ముందు గాజు లేకుండా సెట్టు ఎప్పుడూ వెయ్యకు. మూసేముందు టార్చితో వెతుకు. మూడోదాంట్లో నా తలవెంట్రుక ఒకటి ఇప్పటికీ ఉంది.

మిగతా విషయాలు కలిసినప్పుడు మాట్లాడుకుందాం. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్తున్నా, ఆ సెట్టుని మన 230 వోల్టుల ప్లగ్‌లో గుచ్చకు, అది 110-120ది. ఆ రోజుల్లో కొన్ని సెట్ల చాసీకి, అంటే లోపలి ఇనప చట్రానికి, కరెంటు నేరుగా తగులుతుంది కూడా, ఆ నేరు సంబంధం తెంచే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ నా దగ్గరుంది, తెస్తాను. వాళ్ల సెట్టు బొమ్మని 525 అడ్డగీతలతో గీస్తుంది, మనవి 625. అందుకని మన సిగ్నల్ ఇస్తే బొమ్మని నిలబెట్టుకోవచ్చేమో గానీ మాట రాదు.

ఒంగోలు నుంచి కార్లో తెస్తానంటే ట్యూబ్‌ని వెనక సీట్లో ముఖం కిందికి పెట్టి, చుట్టూ దిండ్లు వెయ్యి, మెడకి ఏదీ తగలనివ్వకు. తొట్టి నా దగ్గరుంది. అక్కని కూడా తీసుకురా, తంగూసు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి.

మీ మామయ్య