పెరట్లో పిట్టలు, చేతిలో కొత్త కెమెరా: మీ టెక్ సందేహాలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పిట్టల ఫొటోల గురించే. కొత్త కెమెరా కొన్నారు, పొడవాటి జూమ్ లెన్స్ తగిలించారు, పెరట్లో ఓపిగ్గా కూర్చున్నారు, తీరా కంప్యూటర్‌లో తెరిచి చూస్తే ఫొటోలు అనుకున్నట్టు లేవు. ‘లెన్స్‌లో లోపమా?’ అనే చాలామంది అడిగారు. పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను, ఒక్కదాంట్లోనూ లెన్స్ తప్పు కనపడలేదు. సెట్టింగో, దూరమో, మధ్యలో ఉన్న కిటికీ అద్దమో, అంతా వీటి దగ్గరే ఉంది. అందుకే లెన్స్ వెనక్కి పంపేముందు కాస్త ఆగండి.

ప్రశ్న: మిర్రర్‌లెస్ కెమెరా, 150-600 మి.మీ. లెన్స్ కొత్తగా తీసుకున్నాను. పిచ్చుక కొమ్మ మీద కదలకుండా కూర్చున్నా ఫొటో మసకగానే వస్తోంది. స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీరు పంపిన వాటిలో మూడో ఫొటోని వంద శాతం సైజులో తెరిచి చూడండి. పిచ్చుక గోళ్లు కొమ్మని పట్టుకున్న చోట బెరడు మీద పగుళ్లు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, కన్నూ ముక్కూ మాత్రం రెండేసి గీతలుగా సాగిపోయాయి. అంటే ఫోకస్ సరిగ్గానే పడింది, మీ చెయ్యీ వణకలేదు, సరిగ్గా ఆ క్షణంలో పిచ్చుక తల తిప్పింది. ఫైల్ వివరాల్లో షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయం, 1/160 సెకను అని ఉంది, అసలు సంగతి అదీ. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకుని సర్దుతుంది గానీ పిట్ట కదలికని ఆపలేదు. మన కంటికి కుదురుగా కూర్చున్నట్టే ఉంటుంది కానీ పిచ్చుక తల అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది, తోక ఆడిస్తూనే ఉంటుంది.

కూర్చున్న పిట్టకి 1/500తో మొదలుపెట్టండి. గింజలు ఏరుకుంటుంటే 1/1000 పెట్టండి. ఎగిరేటప్పుడు 1/2000కి తగ్గొద్దు, చిన్న పిట్టలకయితే 1/3200 పెట్టినా రెక్కల చివర్లు కాస్త మసకబారొచ్చు, అది సహజమే. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ మీరే ఎంచుకుని, అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, ఐఎస్ఓని (వెలుతురు తక్కువైనప్పుడు ఫొటోని ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే సెట్టింగ్) ఆటోకి వదిలేయడం నాకు బాగా కుదిరిన పద్ధతి. ఫోకస్‌ని కంటిన్యువస్‌లో, అంటే కదిలే పిట్టని వదలకుండా వెంటాడేలా, పెట్టండి, కెమెరాలో సబ్జెక్ట్‌ని గుర్తుపట్టే సెట్టింగ్ ఉంటే అది మనుషుల మీద కాకుండా పక్షుల మీద ఉందో లేదో చూడండి, కొత్త కెమెరాల్లో ఇది చాలాసార్లు మనుషుల మీదే ఉండిపోతుంది.

ఇలా చేస్తే నీడలో ఐఎస్ఓ 3200కో 6400కో వెళ్లిపోతుంది. చాలామందికి అక్కడే టెన్షన్. దయచేసి భయపడకండి. ఐఎస్ఓ పెరిగితే వచ్చే గరుకుదనాన్ని ఇవాళ లైట్‌రూమ్‌లో డీనాయిజ్, డీఎక్స్ఓ ప్యూర్‌రా లాంటి సాఫ్ట్‌వేర్లు బాగా తగ్గిస్తాయి, ఈకల వివరం కూడా పెద్దగా పోదు. సాగిపోయిన కన్నుని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నిజాయితీగా వెనక్కి తీసుకురాలేదు. ఈ టూల్స్ పూర్తిగా పనిచేయాలంటే ఫొటోలు రా ఫార్మాట్‌లో, అంటే సెన్సర్ పట్టుకున్న సమాచారాన్నంతా దాచే ఫైల్‌గా, తీయాలి, జేపెగ్ ఒక్కటే తీస్తే ఆ దారి చాలావరకు మూసుకుపోయినట్టే.

మసక ఫొటో వచ్చిన ప్రతిసారీ ఎక్కడ మసకగా ఉందో చూడటం అలవాటు చేసుకోండి. కాళ్లు స్పష్టంగా, తల మసకగా ఉంటే పిట్ట కదిలింది. కొమ్మతో సహా అంతా ఒకే దిశలో సాగితే మీ చెయ్యి కదిలింది. పిట్ట ముందున్న ఆకో వెనకున్న రెమ్మో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. ఇవేవీ కాకపోతేనే లెన్స్‌ని అనుమానించాలి, అదీ ట్రైపాడ్ మీద పెట్టి, అచ్చు కాగితం ఒకదాన్ని గోడకి అంటించి, దాన్ని ఫొటో తీసి చూశాకే.

ప్రశ్న: దూరంగా చెట్టు మీదున్న పిట్టకి ఫోకస్ టక్కున పడుతోంది. దగ్గర్లో నీళ్ల గిన్నె మీద వాలితే మాత్రం లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఉండిపోతోంది. ఇంకో మాట, 600 మి.మీ. కూడా చాలడం లేదు, టెలీకన్వర్టర్ తీసుకోమంటారా?

జవాబు: ప్రతి లెన్స్‌కీ ఇంతకంటే దగ్గరగా ఫోకస్ కాదు అనే హద్దు ఒకటి ఉంటుంది. సోనీ 200-600కి అది 2.4 మీటర్లు, సిగ్మా 150-600 కాంటెంపరరీకి 2.8 మీటర్లు, క్యానన్ ఆర్ఎఫ్ 600 ఎఫ్/11కి ఏకంగా 4.5 మీటర్లు. అడవిలో ఈ సంగతి గుర్తుకే రాదు గానీ పెరట్లో రోజూ ఎదురవుతుంది. ఈ దూరాన్ని లెన్స్ ముందు అంచు నుంచి కాదు, లోపలి సెన్సర్ నుంచి కొలుస్తారు. కెమెరా పైభాగంలో చిన్న సున్నా, దాని మధ్యగా గీత గీసిన గుర్తు కనిపిస్తుంది చూడండి, సెన్సర్ ఉన్నది అక్కడే.

ఇంకొకటి కూడా చూడాలి. పొడవాటి లెన్సుల పక్కన ఫోకస్ లిమిటర్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది ‘10 మీటర్ల నుంచి అనంతం’ వైపు జరిగి ఉంటే, పది మీటర్లలోపు ఏమున్నా లెన్స్ అసలు వెతకదు. సంచిలోంచి తీసేటప్పుడు వేలు తగిలి జరిగిపోవడం మామూలే. దాన్ని ‘ఫుల్’లో పెట్టి, టేపుతో కొలిచి, గిన్నెని లెన్స్ హద్దుకి ఒక మీటరు అవతలకి జరపండి. జరిపేటప్పుడే గిన్నె వెనక గోడో పొదో దగ్గరగా లేకుండా చూసుకోండి. వెనక భాగం ఎంత దూరంగా ఉంటే అంత మెత్తగా కరిగిపోయి పిట్ట విడిగా తేలుతుంది.

కెమెరాకీ లెన్స్‌కీ మధ్య తగిలించి పిట్టని పెద్దది చేసి చూపే టెలీకన్వర్టర్ ఇప్పుడే వద్దు. రెండు రెట్ల కన్వర్టర్ పెడితే పిట్ట రెట్టింపు పెద్దదవుతుంది, నిజమే, కానీ వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది, మీ ఎఫ్/6.3 లెన్స్ దాదాపు ఎఫ్/13 అయిపోతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది). పది మీటర్ల దూరాన్ని ఐదుకి తగ్గించినా పిట్ట అంతే పెద్దదవుతుంది, వెలుతురు కొంచెం కూడా పోదు. పెరట్లో ఆ అవకాశం మీ చేతుల్లోనే ఉంది కదా. రోజూ ఒకే వేళకి, ఒకే చోట, ఒకే కుర్చీలో కూర్చోండి. మొదటి రెండు మూడు రోజులు పిట్టలు దూరంగానే ఉంటాయి, తర్వాత మెల్లగా మిమ్మల్ని కూడా పెరట్లో ఒక వస్తువుగా లెక్కేసుకుంటాయి.

ప్రశ్న: వంటగది కిటికీ లోంచి తీస్తే అన్నీ పొగమంచులో తీసినట్టున్నాయి. అద్దం శుభ్రంగానే ఉంది.

జవాబు: నాకూ ఇదే జరిగింది. వారం రోజులు లెన్స్‌నే అనుమానించి, సెట్టింగులన్నీ మార్చి మార్చి చూశాను. చివరికి తెలిసిందేమిటంటే నేను కిటికీకి ఏటవాలుగా నిలబడి తీస్తున్నాను. పొడవాటి లెన్స్ అద్దంలోని ప్రతి చిన్న వంపునీ పెద్దది చేసి చూపిస్తుంది, ఏటవాలుగా తీస్తే అంచులు రెండుగా కూడా కనిపిస్తాయి. అద్దానికి సూటిగా, వీలైనంత దగ్గరగా లెన్స్ పెట్టండి, గదిలో లైట్లు ఆర్పేయండి, మెత్తటి రబ్బరు హుడ్ దొరికితే అద్దానికి ఆనించండి. కిటికీ తెరవగలిగితే ఇంకా మంచిది. అయితే గదిలో వేడికీ బయట చలికీ తేడా ఎక్కువగా ఉంటే తెరిచిన కిటికీలో గాలి అలల్లా కదిలి ఫొటో మళ్లీ మసకబారుతుంది. తెరిచాక కొంతసేపు ఆగితే ఆ తేడా తగ్గుతుంది.

ప్రశ్న: సైలెంట్ మోడ్‌లో తీస్తే ఎగిరే పిట్ట రెక్కలు వంకర్లు తిరిగి వస్తున్నాయి.

జవాబు: సైలెంట్ మోడ్ అంటే ఎలక్ట్రానిక్ షట్టర్. చాలా కెమెరాల్లో సెన్సర్ ఫొటో మొత్తాన్ని ఒకేసారి చదవదు, పై వరస నుంచి కింద వరస దాకా వరసగా చదువుకుంటూ వస్తుంది. కింది వరసకి చేరేలోపు రెక్క ఇంకో చోటికి వెళ్లిపోయి ఉంటుంది, అందుకే ఆ వంకర. షట్టర్ స్పీడ్ ఎంత పెంచినా ఇది పోదు. ఎగిరే పిట్టలకి మెకానికల్ షట్టర్ వాడండి, కూర్చున్న వాటికి సైలెంట్ హాయిగా వాడుకోవచ్చు, శబ్దానికి బెదరవు కూడా. నికాన్ జెడ్9 లాంటి స్టాక్డ్ సెన్సర్ కెమెరాలు చాలా వేగంగా చదువుతాయి కాబట్టి వాటిలో మెకానికల్ షట్టర్ అసలు పెట్టనే లేదు. సోనీ ఏ9-3లో అయితే అన్ని వరసలూ ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ ఉంది.

మీ కెమెరాలో ప్రీ-క్యాప్చర్ ఉందేమో కూడా చూడండి. ఒలింపస్ 2016లో ఈ-ఎం1 మార్క్ 2లో ప్రో క్యాప్చర్ పేరుతో ఇచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలు ఇస్తున్నాయి. బటన్ సగం నొక్కి ఉంచితే కెమెరా ఫొటోలు తీస్తూ పాతవి పారేస్తూ ఉంటుంది, మీరు పూర్తిగా నొక్కగానే అంతకు ముందు క్షణంలోవి కూడా దాచేస్తుంది. పిట్ట ఎగిరాక మనం నొక్కినా, ఎగిరిన క్షణం దొరుకుతుందన్నమాట. ఎగిరేముందు పిట్ట ఒళ్లు కాస్త కిందికి కుంగి ముందుకి వాలుతుంది, ఆ కదలిక కోసం కనిపెట్టుకుని ఉండండి. సగం నొక్కడం మొదలుపెట్టాల్సింది అప్పుడే.

ప్రశ్న: మెమరీ కార్డు మీద సెకనుకి 200 ఎంబీ అని ఉంది. అయినా వరసగా తీస్తుంటే రెండు సెకన్లకే కెమెరా ఆగిపోతోంది.

జవాబు: అది చదివే వేగం, రాసే వేగం కాదు. కార్డు రాయడం నెమ్మదైతే కెమెరాలోని తాత్కాలిక మెమరీ నిండిపోయి ఆగిపోతుంది. మీది యూహెచ్ఎస్-1 కార్డు అయితే కెమెరాలో సెకనుకి 104 ఎంబీ దాటదు, రాయడం ఇంకా తక్కువే. కార్డు మీద వీ30, వీ60, వీ90 అని ఉండేవే ఆగకుండా రాసే కనీస వేగాలు, సెకనుకి అన్ని ఎంబీలని అర్థం. వెనకవైపు రెండు వరసల మెటల్ కాంటాక్టులు ఉంటే అది యూహెచ్ఎస్-2 కార్డు. కొనేముందు మీ కెమెరా స్లాట్ కూడా యూహెచ్ఎస్-2యేనా అని చూసుకోండి, లేకపోతే డబ్బు దండగ. ఈలోగా కంప్రెస్డ్ రా పెట్టుకుని, బటన్ నొక్కిపట్టకుండా చిన్న చిన్న దఫాలుగా తీయండి.

ప్రశ్న: తీసిన పిట్ట పేరు తెలుసుకునే యాప్ ఏదైనా ఉందా?

జవాబు: కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల మెర్లిన్ బర్డ్ ఐడీ వాడండి, ఉచితం. మీ ప్రాంతం ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేకపోయినా ఫొటో చూసి చెప్తుంది, కూత విని కూడా చెప్తుంది. ఒక్క విన్నపం. గూడు ఫొటో ఎవరికైనా పంపేముందు ఫైల్‌లో లొకేషన్ తీసేయండి. ఫోన్‌తో తీసిన ఫొటోలో గూడున్న చోటు దాదాపు కచ్చితంగా నమోదై ఉంటుంది. ఫొటో బాగా రావాలని గూటికి అడ్డొచ్చే ఆకులు తుంచేవాళ్లని చూశాను, ఆ ఆకులే పిల్లల్ని ఎండ నుంచీ కాకి కంటి నుంచీ కాపాడుతున్నాయి. ఆకులు అడ్డొస్తే ఆ ఫొటో వదిలేయండి.